మోటారు సైకిలును మోయు మడతబండి

నడచుటకొఱకే చేయబడిన యంత్రమును మరల వేఱొక యంత్రము వెనుక నెక్కించి మోసికొనిపోవుట యేల యని మా విద్యార్థులు కొందఱు ప్రశ్నించుచున్నారు. అమెరికా దేశపు రహదారుల చిత్రములలో కారు వెనుక నొక చిన్న బండియు, దానిమీద పట్టీలతో బిగింపబడిన పెద్ద మోటారు సైకిలును చూచినవారి కీ సందేహము కలుగుట సహజమే. పని తీఱిన పిమ్మట ఆ బండిని మడచి గోడవారగా నిలుపవచ్చునని విన్నప్పుడు వారి యాశ్చర్యము మఱింత హెచ్చును. తులాదండము, వాలుతలము, జడత్వము, గతిశక్తి అని మనము తరగతిలో వేఱువేఱుగా జదువుకొను పాఠములన్నియు ఈ యొక్క సాధనమునందు కలిసి కానవచ్చుచున్నవి. వానిలో నేది మఱచినను ప్రాణములకే ముప్పు వాటిల్లవచ్చును. కావున దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయదలచితిమి.

మోయవలసిన కారణము

మన వీథులలో సామాన్యముగా దిరుగు 100 సి.సి. మోటారు సైకిలు 110 కిలోగ్రాములకు కొంచెము అటునిటుగా తూగును. దూరప్రయాణములకై నిర్మింపబడిన పెద్ద మోటారు సైకిళ్లు ఈ జాతిలోనివి కావు. జపాను దేశపు హోండా వారు 1975వ సంవత్సరమున గోల్డ్ వింగ్ అను బండిని వెలువరించిరి. మొదట దానికి నాలుగు సిలిండర్లు ఉండెను. 1988 నుండి ఆఱు సిలిండర్లు వచ్చినవి. సామాను పెట్టెలతో గూడిన దాని యిప్పటి రూపము సుమారు 380 కిలోగ్రాములు తూగును. అమెరికాలో 1903లో స్థాపింపబడిన హార్లే డేవిడ్‌సన్ వారు 1965లో ఎలక్ట్రా గ్లైడ్ అను బండిని విక్రయింప నారంభించిరి. ఆ వంశములోని అల్ట్రా లిమిటెడ్ అను బండి 400 కిలోగ్రాములకు పైబడినది. అనగా మన బండ్లు మూడింటిని మించిన బరువు రెండు చక్రములపై నిలిచియున్నదన్నమాట.

ఇంతటి బండి దూరము పోవుటకే పుట్టినదైనను, దాని నెక్కువారి శరీరము దానివలె ఉక్కుతో చేయబడలేదు. దక్షిణ డకోటా రాష్ట్రమునందలి స్టర్జిస్ అను చిన్న పట్టణమున 1938 నుండి మోటారు సైకిళ్ల వారి యుత్సవము జరుగుచున్నది. ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ తీరమునుండి అచ్చటికి 3,000 కిలోమీటర్లకు మించిన దూరము. వయసు మీఱినవారు, భార్యాబిడ్డలతో బయలుదేరువారు, సెలవుదినములు కొద్దిగా గలవారు ఆ దూరమంతయు కారులో పోయి, కొండదారులకు చేరిన పిదప మోటారు సైకిలు దింపుకొని విహరింతురు. శీతకాలమున మంచు కురియు ఉత్తర రాష్ట్రములవారు తమ బండ్లను వెచ్చని దక్షిణమునకు గొనిపోవుటకును, దారిలో చెడిన బండిని మరమ్మతునకు చేర్చుటకును ఇదియే మార్గము.

మడత పెట్టు విధము

ఇట్టి బండిని ట్రైలరని పిలుతురు. పని లేనప్పుడును అది తన చోటును తాను ఆక్రమించుకొనియే యుండుట పెద్ద చిక్కు. ఏడాదిలో నాలుగు మాఱులు వాడు వస్తువునకు కారంత స్థలము నిచ్చుట యెవరికిని ఇష్టముండదు. ఆ దేశమున అనేక నివాస ప్రాంతములలో ఇంటిముందఱ ట్రైలరు నిలుపరాదను కట్టుబాటులు గూడ గలవు. ఈ చిక్కునకు విరుగుడుగా మడతబండ్లు ఏర్పడినవి.

ఇవి ముఖ్యముగా రెండు విధములు. మొదటి విధమున పలక నడుమ కీళ్లుండి, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల బల్ల పుస్తకమువలె సగమునకు మూయబడును. రెండవ విధమున బల్లకు మాఱుగా చక్రము పట్టునంతటి లోహపు పట్టాలు మాత్రముండును. వాటిని లోపలికి మడచి, బండి నంతటిని వెనుక కొనపై నిలువుగా లేవనెత్తుదురు. ఆ కొనయందలి చిన్న దొర్లుడు చక్రములపై దానిని నెట్టి గోడవారగా నిలిపెదరు.

మడత యెంత సౌకర్యమైనను, కీలు గలచోట పలక యొక్క స్వాభావికమైన గట్టిదనము తెగినదని యెఱుగవలెను. మడత విప్పిన తోడనే కీలును బిగించు మరలును, అడ్డు శీలలును తమ తమ స్థానములలో నున్నవో లేవో చేతితో తాకి చూచుకొనుట మొదటి పని. ఏకఖండమైన బండికి ఈ శ్రమ లేదు. స్థలము మిగిల్చినందులకు చెల్లింపవలసిన మూల్యము ఈ శ్రద్ధయే.

బరువు లెక్క

ట్రైలరుపై అతికింపబడిన రేకుమీద ఒక సంఖ్య యుండును. అది బండి యొక్క సొంత బరువును, సరకు బరువును కలిసిన మొత్తమునకు హద్దు. దానిని సరకునకు మాత్రమే హద్దని భావించుటవలన అనేకులు మోసపోవుదురు. ఉదాహరణకు మొత్తపు హద్దు 900 కిలోగ్రాములనియు, బండి సొంత బరువు 200 కిలోగ్రాములనియు అనుకొందము. మోయదగిన సరకు 700 కిలోగ్రాములు. దానిమీద 380 కిలోగ్రాముల మోటారు సైకిలు ఒకటి నిశ్చింతగా పోవును. అట్టివి రెండైనచో 760 అగును, అవి పోరాదు. రెండింటికిని చోటున్నది గదా యని ఎక్కించుట చోటును బలమును ఒకటిగా నెంచుటయే.

మఱియు మోటారు సైకిలు బరువును లెక్కించునప్పుడు ఖాళీ బరువు చాలదు. గోల్డ్ వింగ్ తొట్టిలో పట్టు 21 లీటర్ల పెట్రోలు సుమారు 16 కిలోగ్రాములు తూగును. ప్రక్క పెట్టెలలోని సామాను, ట్రైలరుపై నుంచిన పనిముట్లు, ఎక్కుడు పలక, ఇవన్నియు లెక్కలోనికే వచ్చును. ఈ మొత్తము కారు లాగదగిన హద్దునకు లోబడియున్నదో లేదో పిమ్మట చూడవలెను. హద్దులు పలువుండగా అన్నిటిలో చిన్నదియే నిజమైన హద్దు.

నొగమీది బరువు

ఈ విషయమంతటిలో ప్రధానమైనది ఇదియే. ఎద్దుబండి నెఱిగినవారికి దీనిని బోధించుట సులభము. ధాన్యపు బస్తాలు ఇరుసునకు మిక్కిలి వెనుకగా వేసినచో నొగ పైకి లేచును. ఎద్దుల మెడలకు కట్టిన త్రాళ్లు గొంతులను నొక్కును. మిక్కిలి ముందునకు వేసినచో కాడి బరువంతయు మెడలపై బడి ఎద్దులు క్రుంగును. ఇరుసునకు కొంచెము ముందుగా బరువుండునట్లు సర్దుటలోనే బండివాని నేర్పున్నది. ట్రైలరునకును ఇదే ధర్మము. ఎద్దుల స్థానమున కారు వెనుకనుండు ఇనుప గుండు కలదు. నొగ కొన దానిపై కూర్చుండును. అమెరికాలో అట్లు కూర్చుండు బరువు, ట్రైలరు మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వఱకు ఉండవలెనని చెప్పుదురు. ఐరోపాలో కార్ల నిర్మాణమును వేగపు హద్దులును వేఱగుటచే అంతకన్న తక్కువ పాలు వాడుకలో నున్నది.

లెక్క చేసి చూతము. ట్రైలరు సొంత బరువు 200 కిలోగ్రాములు, మోటారు సైకిలు 400 కిలోగ్రాములు, మొత్తము 600. నొగమీద కనీసము 60 కిలోగ్రాములు పడవలెను. ట్రైలరు తన యంతట తాను 20 కిలోగ్రాముల నొగబరువు గలదిగా నుండెననుకొనిన, మిగిలిన 40 మోటారు సైకిలువలన రావలెను. ఇరుసునుండి గుండునకు దూరము 2.4 మీటర్లు. మోటారు సైకిలు గరిమనాభి ఇరుసునకు ముందుగా 24 సెంటీమీటర్ల దూరమున నున్నచో, 400ను 24చే హెచ్చించి 240చే భాగింపగా సరిగా 40 వచ్చును. ఇరువదినాలుగు సెంటీమీటర్లనగా ఇంచుమించు జానెడు. అదే మోటారు సైకిలును ఇరుసునకు జానెడు వెనుకగా నిలిపినచో ఏమగును? 40 కిలోగ్రాములు తగ్గింపువైపునకు పోయి, ట్రైలరుయొక్క 20 గూడ దానిలో కలిసిపోయి, నొగ 20 కిలోగ్రాముల బలముతో గుండును పైకి లాగును. నాలుగు వందల కిలోగ్రాముల వస్తువు ముందు వెనుకల జరుగుటలో క్షేమమునకును అపాయమునకును నడుమ దూరము రెండు జానలు మాత్రమే.

నొగబరువు తగ్గిన బండి దారిలో ప్రక్కలకు ఊగ నారంభించును. పెద్ద లారీ దాటిపోవునప్పటి గాలియో, త్రోవలోని గతుకో దానిని ఒకప్రక్కకు నెట్టును. బరువు వెనుక నున్నందున బండి తోక తన జడత్వముచే హద్దు మీఱి పోవును. ఆ తోక కారు వెనుకభాగమును ఎదుటి ప్రక్కకు త్రిప్పును. మరల రెండును ఆ వైపునుండి ఈ వైపునకు మఱింత విసురుగా వచ్చును. వేగము కొలది ఈ యూపు పెరుగునే కాని తఱుగదు. తుదకు కారును ట్రైలరును కలిసి బోర్లపడవచ్చును. ఈ యూపు పుట్టినప్పుడు కంగారుపడి కారు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. వేగము హెచ్చించి తప్పించుకొన జూడరాదు. చక్రమును నిలుకడగా బట్టుకొని, త్రొక్కుడుమీదనుండి కాలు మెల్లగా తీసి, వేగము తనంతట తగ్గనీయవలెను. ట్రైలరునకు వేఱుగా చేతి బ్రేకు మీట యున్నచో దానిని మాత్రము మెల్లగా వాడవచ్చును. ఊపు నిలిచిన పిమ్మట బండి నాపి బరువును సరిగా జరుపుట యసలైన చికిత్స.

ఇంటివద్దనే దీనిని పరీక్షింపవచ్చును. ముప్పది సెంటీమీటర్ల కొలబద్దను పెన్సిలుపై నడుమగా నుంచి, ఒక కొనను వ్రేలితో తేలికగా నదిమి, ఒక నాణెమును పెన్సిలునకు అటునిటు జరుపుచు చూడుడు. వ్రేలికి తగులు ఒత్తిడిలోని భేదమే కారునకును తగులుచున్నది.

ఎక్కించుట, బిగించుట

మోటారు సైకిలు నెక్కించుటకు ముందే ట్రైలరును కారునకు తగిలించి యుండవలెను. ఏలయన బండి చక్రము వెనుక అంచున నెక్కిన క్షణమున బరువంతయు ఇరుసునకు వెనుకనే యుండును. ఎద్దులు లేని బండి తోకపై మనుష్యుడు నిలిచినచో నొగ ఆకాశమున కెత్తుకొనునట్లే, విడిగానున్న ట్రైలరు గూడ ఎత్తుకొని, ఎక్కించువానిని బండి క్రింద పడవైచును.

ఎక్కుడు పలక ఎంత పొడవైనదైన అంత మేలు. ట్రైలరు పలక నేలకు 45 సెంటీమీటర్ల యెత్తున నున్నదనుకొందము. 1.5 మీటర్ల పలకపై 400 కిలోగ్రాముల బండిని నెట్టుటకు, ఘర్షణను విడిచి లెక్కింపగా, 120 కిలోగ్రాముల బలము కావలెను. 3 మీటర్ల పలకయైనచో 60 చాలును. ఇది మీరు చదివిన వాలుతలమే. ఈ పనికి ఇద్దఱు మనుష్యు లుండుట యుక్తము. బండిపై గూర్చుండి దుముకుగా నెక్కించుట సాహసమేగాని నేర్పు కాదు. ఇరుకైన పలకపై కాలు మోపుటకు నేల దొరకదు.

ముందు చక్రము లోహపు గాడిలో కూర్చుండినంత మాత్రమున బండి నిలిచినట్లు కాదు. నాలుగు పట్టీలు కావలెను. ముందు రెండును క్రిందికిని ముందునకును లాగవలెను. వెనుక రెండును క్రిందికిని వెనుకకును లాగవలెను. వాటిని చేతిపిడుల చివరలకును ప్లాస్టిక్ తొడుగులకును గాక, ముందు ఫోర్కును పట్టి యుంచు దిమ్మవంటి బలమైన భాగములకు మెత్తని గుడ్డ ఉచ్చులతో తగిలింతురు. ముందు స్ప్రింగులు సుమారు సగము వఱకు అణగునట్లు బిగించిన చాలును. మితిమీఱి బిగించినచో నూనె మూతలు చెడును. వదులుగానున్నచో గతుకునందు స్ప్రింగు అణగినప్పుడు కొక్కెము ఊడిపోవును. పట్టీమీద రెండు సంఖ్యలుండును: తెగు బలము, పని బలము. అమెరికా ప్రమాణము ప్రకారము పని బలము తెగు బలములో మూడవ వంతు. 1,500 కిలోగ్రాములకు తెగు పట్టీని 500 కిలోగ్రాములకే నమ్మవలెను. బండిమీద గుడ్డ ముసుగు కప్పుట మంచిదని తోచును గాని, గాలికి కొట్టుకొను ముసుగు వందల కిలోమీటర్ల దూరములో రంగును గీరివేయును.

గుండు, గొలుసులు, దీపములు

ఇనుప గుండ్లు ఆ దేశమున ముఖ్యముగా మూడు కొలతలలో దొరకును: 1⅞ అంగుళములు, 2 అంగుళములు, 2 5/16 అంగుళములు. రెండంగుళముల మూత 1⅞ అంగుళముల గుండుపై చక్కగా కూర్చుండినట్లే కనబడును. గతుకు తగులగానే పైకి లేచి విడిపోవును. కావున కన్నులను నమ్మక, అంకెలను చదువవలెను. మూత పడిన పిమ్మట నొగను జాకీతో కొంచెము పైకెత్తి చూచిన, కారు వెనుకభాగము గూడ దానితో లేచినచో తగులు సరిగా నున్నదని యెఱుగనగును.

ఇంత చేసినను నొగక్రింద రెండు గొలుసులను అడ్డముగా ఒకదానిపై నొకటి దాటునట్లు తగిలింతురు. ఒకవేళ గుండునుండి మూత విడిపోయినచో నొగ నేలలో గ్రుచ్చుకొనక, ఆ గొలుసుల యుయ్యాలలో పడి నిలుచును. నిత్యము అవసరము లేని దానికొఱకు ఇంత శ్రమ యేల యని కొందఱందురు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున, క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ కలదు. ఆ గోడ యింటివానిని మాత్రమే కాక, ఆ యింటికి వచ్చిన పరుని గూడ కాపాడును. ఈ గొలుసులును అట్టివే. వెనుక వచ్చు బండిలో ఎవరి బిడ్డలున్నారో మన మెఱుగము.

నాలుగు తీగెల తగులు ఒకటి కారునుండి ట్రైలరునకు పోవును. తెలుపు తీగె భూసంబంధమునకు, గోధుమరంగుది వెనుక దీపములకు, పసుపుది ఎడమ మలుపునకును ఆపుదలకును, ఆకుపచ్చది కుడివైపు అట్టి పనులకును నియమింపబడినవి. దీపములలో తఱచుగా గనబడు లోపము తెల్ల తీగె వదులగుటయే.

దారిలో

ట్రైలరు చక్రములు చిన్నవి. 68 సెంటీమీటర్ల అడ్డుకొలత గల కారు చక్రము కిలోమీటరునకు సుమారు 470 చుట్లు తిరుగును. 52 సెంటీమీటర్ల ట్రైలరు చక్రము 610 చుట్లు తిరుగును. అందుచే దాని కీలులోని కందెన త్వరగా వేడెక్కును. మొదటి పది పదునైదు కిలోమీటర్లకు ఒకసారి ఆగి, పట్టీలను బిగించి, చక్రపు నాభి దగ్గఱకు చేయి చేర్చి వేడిమిని చూడవలెను. పిమ్మట ఆగిన ప్రతిచోటను ఇదే పని. చాల కాలము మడచి యుంచిన బండికి టైర్లలో గాలి తగ్గియుండును. బయలుదేరుటకు ముందే దానిని కొలిచి నింపవలెను.

వేగమును గూర్చి ఒక మాట. గతిశక్తి వేగము యొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లనుండి 100కు పోయినచో వేగము పాతికవంతు హెచ్చినను, ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు మించును. 1,800 కిలోగ్రాముల కారు వెనుక 600 కిలోగ్రాముల ట్రైలరు చేరినప్పుడు బరువు మూడవవంతు పెరిగినది. చిన్న ట్రైలర్లకు సొంత బ్రేకులు లేనందున ఆ భారమంతయు కారు బ్రేకులపైననే పడును. అందుచేతనే కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రైలరు లాగు బండ్లకు గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లు హద్దుగా నిర్ణయింపబడినది. ఐరోపాలో బ్రేకులు లేని ట్రైలరు మొత్తపు బరువు 750 కిలోగ్రాములకు మించరాదు.

వెనుకకు నడుపుట క్రొత్తవారికి కష్టము. కారు వెనుక ఎడమకు తిరిగిన ట్రైలరు కుడికి తిరుగును. చక్రపు క్రిందిభాగమున చేయి యుంచి, ట్రైలరు ఎటు పోవలెనో చేతిని అటే జరుపుట తేలిక ఉపాయము. చిన్న ట్రైలరు పెద్దదానికన్న త్వరగా మెలిదిరుగును. అయినను సరకు దింపిన మడతబండిని విప్పి, మనుష్యుడే చేతులతో నెట్టుకొనిపోగలడు. ఇది దానికి గల గొప్ప సుగుణము.

మనకు పాఠము

మన ప్రాంతమున కారు వెనుక మోటారు సైకిలు లాగువారు అరుదు. కాని ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలింపని యూరు లేదు. అందు చెఱకును, ధాన్యమును, ఇసుకను మాత్రమే కాక, కూలికి పోవు తల్లులను, పెండ్లికి పోవు బంధువులను గూడ ఎక్కించుట మన మెఱుగనిది కాదు. పైన చెప్పిన ధర్మములు వానికి వర్తింపకపోవునా? బరువు ఇరుసునకు వెనుక పడినచో ఆ ట్రక్కు నొగయు లేచును. శీల ఊడినచో ఆ ట్రక్కును విడిపోవును. వెనుక ఎఱ్ఱ దీపముగాని, మెఱయు పట్టీగాని లేనిచో చీకటిలో దానిని గ్రుద్దుకొనువాడు మన పొరుగువాడే. సరకునకై చేసిన బండిలో మనుష్యుల నెక్కించుట ఎట్టి లెక్కకును నిలువదు.

విద్యార్థులారా, మీలో ట్రాక్టరు గల యిండ్లవారు పలువురున్నారు. ఈ సెలవులలో మీ నాయనగారితోనో, మామగారితోనో కలిసి ట్రక్కు దగ్గఱకు పొండు. తగులు శీలకు అడ్డుశీల యున్నదా? కాపు గొలుసు కలదా? వెనుక దీపము వెలుగుచున్నదా? లేనిచో మెఱయు ఎఱ్ఱ పట్టీ యైనను అతికింపబడినదా? ఈ మూడు ప్రశ్నలను పెద్దలకు వినయముగా వేయుడు. తలిదండ్రులును బిడ్డల ప్రశ్నను చిన్నదిగా నెంచక, ఆ దినముననే సరిచేయింపవలెనని మా ప్రార్థన. మీరు నేర్చిన భౌతికశాస్త్రము పరీక్షలో మార్కులు తెచ్చుట మంచిదే. ఒక రాత్రివేళ ఒక మనుష్యుని క్షేమముగా ఇల్లు చేర్చినచో అది ఇంకను మంచిది.